వదులు చైను

మా వీధి మొదట్లో, పోస్టాఫీసు ముందు ఒక స్పీడు బ్రేకరు ఉంది. మా అమ్మాయి బండి దాని మీద ఎక్కి దిగేటప్పుడు చైను రేకు కవరుకు తగిలి టప్ టప్‌మని చప్పుడయ్యేది. కుట్టుమిషన్ తొక్కుతూ కూడా నేను ఆ చప్పుడు పట్టుకునేవాణ్ణి. అది వినబడగానే నాకు ఒక మనిషి గుర్తొచ్చేవాడు. మా షడ్డకుడు, అంటే మా ఆవిడ అక్క మొగుడు. మొన్న ఎండాకాలంలో పోయాడు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పుకోవాలంటారు. చెప్పడానికి ఆయనలో మంచి కావలసినంత ఉంది, నా బాధ కూడా అదే. ఆయన మీద నాకు అసూయ. ఉండేది అనడం లేదు, ఉంది అంటున్నాను. మనిషి పోతే అసూయ కూడా పోతుందని ఎవరో చెబితే నమ్మాను కానీ, నా విషయంలో అట్లా జరగలేదు.

కర్నూలు నుంచి కడపకు పోయే బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలాడు గానీ కండక్టరు పని వదల్లేదు. పెళ్ళి భోజనాల దగ్గర జనం అడ్డంగా నిలబడితే "లోపలికి జరగండప్పా, నడుమ ఖాళీ ఉండాది" అనేవాడు. అందరూ నవ్వుకుంటూ జరిగేవాళ్ళు. అదే మాట నేనంటే ఒక్కడూ కదలడు. పొడుగాటి మనిషి, పెద్ద గొంతు, పెద్ద మీసం. వీధిలో ఎవరి బండి నిలబెట్టి ఉన్నా, దాని అద్దంలో మీసం దువ్వుకోకుండా ముందుకు పోయేవాడు కాదు. సొంతదారు వచ్చి నిలబడినా తొందరపడడు. "ఒక్క నిమిషం, హోల్డాన్" అని పని ముగించుకునే కదిలేవాడు.

తెల్ల చొక్కా తప్ప తొడగడు. ఆ చొక్కాలన్నీ నేను కుట్టినవే. ఓర్వకల్లులో మా ఇంటి ముందు గదే నా దర్జీ దుకాణం. ఆ తెల్ల చొక్కాతోనే బండి పనికి కూర్చునేవాడు. చేతులు ఒక మడత పైకి మడిచి, గొంతుకూర్చుని, నూనె, మసి, గ్రీజు అన్నిట్లోనూ వేళ్ళు పెట్టి, గంట తర్వాత లేచి నిలబడేవాడు. నేను కాలరు దగ్గర్నుంచి కింది అంచు దాకా వెతికేవాణ్ణి. ఒక్క మరక ఉండేది కాదు. తాను కుట్టిన చొక్కాకు మరక అంటాలని కోరుకున్న దర్జీ ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆయనకు ఇద్దరు కొడుకులున్నారు. వేలికి నూనె అంటితే సబ్బు బిళ్ళ అరగదీసే రకం. అందువల్ల ఆయన విద్యంతా వచ్చి మా అమ్మాయి మీద పడింది.

మా పిల్లకు ఊరవతల గుట్టల వైపు ఉన్న ఫ్యాక్టరీలో ల్యాబు ఉద్యోగం వచ్చింది. ఆ దారిలో కంకర ఎక్కువ. స్కూటీ కొనుక్కో అని నేనన్నాను. చిన్న చక్రాలు ఆ రాళ్ళలో జారుతాయి, గేర్ల బండే కావాలంది. ఈ మాట దానికి ఎవరు నేర్పారో నేను అడగలేదు, తెలిసిపోయింది. తన జీతంతో ఎవరో వాడిన చిన్న మోటారుసైకిలు చూసుకుంది. బండి తెచ్చే రోజు నేను దుకాణం మూసి, స్నానం చేసి, టేపు మెడలోనే మరిచిపోయి, చేతిలో నిమ్మకాయ పట్టుకుని గేటు ముందు నిలబడ్డాను. కొత్తగా ఇంటికొచ్చే బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించడం మా ఇంట్లో నా పని. పిల్ల మూడు చక్రాల బండి నుంచి సైకిలు దాకా అన్నిటికీ నేనే చేశాను.

పిల్ల హారను కొట్టుకుంటూ వచ్చింది. చేయి ఊపింది. "పెద్దనాయనకు చూపిచ్చొస్తా" అని మా గేటు దాటి వీధి చివర ఉన్న వాళ్ళింటికి పోయింది. తిరిగొచ్చేసరికి ముందు టైరుకు నిమ్మకాయ తొక్క అంటుకుని ఉంది. నా నిమ్మకాయ నా చేతిలోనే ఉంది. మా ఆవిడ దాన్ని తీసుకుపోయి మధ్యాహ్నం పులిహోరలో పిండింది. ఆ పులిహోర నేను తినలేదు.

"నీకేమి అంత కడుపుమంట?" అనింది.

"నాకేం మంట లేదు, ఆకలి లేదంతే" అన్నాను.

అప్పటి నుంచి మా ఇంట్లో ఆదివారాలు ఆయనవైపోయాయి. నేను ఇడ్లీ తిని చేయి కడుక్కునేసరికి గేటు దగ్గర గొంతు వినిపించేది. "అమ్మీ, బండి బయటికి తీయి!" టీ ఇస్తే కప్పు తాను తీసుకుని, సాసరు మా అమ్మాయికి ఇచ్చేవాడు. విప్పిన ప్రతి నట్టూ, ప్రతి స్క్రూ ఆ సాసరులో పడాలి. నేల మీద పెట్టనిచ్చేవాడు కాదు. పని అయిపోయాక సాసరు వంచి అందరికీ చూపించేవాడు.

"చూడండప్పా, బస్సు ఖాళీ. టికెట్టు లేనోడు ఒక్కడు కూడా మిగల్లా."

వాళ్ళిద్దరూ నవ్వేవాళ్ళు. ఒకే జోకుకు ప్రతి ఆదివారం అంత నవ్వు ఎట్లా వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. మా ఇంట్లో సాసర్లన్నీ నల్లబడ్డాయి. నేను టీ గ్లాసు కుట్టే బల్ల మీద పెడితే నా ప్రాణం తీసే మా ఆవిడ, ఆయన సాసర్లు పాడుచేస్తే మాత్రం "పోనీలే, బావ గదా" అనేది.

ఎయిర్ ఫిల్టర్ విప్పి అరుగు మీద తట్టితే ఎర్రటి దుమ్ము కుప్పగా రాలేది. "చూడమ్మీ, ఓర్వకల్లు సగం దీంట్లోనే ఉండాది. ముక్కు మూసి పరిగెత్తమంటే నువ్వు పరిగెత్తుతావా? అది మాత్రం ఎట్ల పరిగెత్తుతాది?" టైర్లలో గాలి పొద్దున్నే చూడమనేవాడు. "ఎండకు కాగినంక చూస్తే గాలి అబద్ధం చెప్తాది." క్లచ్ వైరు బిర్రుగా బిగిస్తే ఊరుకునేవాడు కాదు. "పట్టుకుంటే రవంత ఆడల్ల. ఊపిరి పీల్చుకోనీ." చైను దగ్గరికి వస్తే పూజ చేసినంత వరుస. ముందు కిరసనాయిలు, తర్వాత పాత పళ్ళ బ్రష్షు, తర్వాత పొడి గుడ్డ, ఆఖర్న నూనె. ఆ నూనె కూడా చైను లోపలి వైపు పడాలి. "బయట తళతళ మనకొద్దమ్మీ. అది షోరూము వాళ్ళకు కావల్ల." మా పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని వినేది. నేను కత్తెర ఎట్లా పట్టుకోవాలో చెప్పబోతే ఫోను చూసుకునే పిల్ల.

ఆ పొడి గుడ్డలు నా దుకాణంలోవి. ఈ మొత్తం వ్యవహారంలో నా వంతు అంతే.

నాకు మిషన్ల సంగతి తెలియదా? పొద్దున దుకాణం తెరవగానే నా మొదటి పని మిషన్‌కు నూనె వేయడం. ఏ రంధ్రంలో ఎన్ని చుక్కలు పడాలో కళ్ళు మూసుకుని చెబుతాను. మా నాయన కొన్న మిషన్ ఇప్పటికీ కొత్తదానిలా ఆడుతోందంటే అది నా చేతి చలవే. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. అందుకే ఒకసారి ఆయన మహానందికి పోయి ఆదివారం రాలేనని చెప్పి పంపినప్పుడు, నా దినం వచ్చిందనుకున్నాను. పిల్ల తలంటు పోసుకుంటుండగా బండి డబుల్ స్టాండు వేసి, చైను తుడిచి, నా మిషన్ నూనె డబ్బా తీసి ధారాళంగా పోశాను. మిషన్ నూనె కంటే మంచి నూనె లోకంలో ఉందా? నీళ్ళలా తేటగా ఉంటుంది, చేతికి జిడ్డు అంటదు. చక్రం తిప్పితే గిర్రున తిరిగింది. ఆయన ఏ ఆదివారం చేసినా అంత తేలిగ్గా తిరగలేదు. నాకు ఆ రోజు అన్నం చాలా రుచిగా అనిపించింది.

మరుసటి రోజు సాయంత్రం పిల్ల డ్యూటీ నుంచి వచ్చి నా ముందు పక్కకు తిరిగి నిలబడింది. ఒంటి మీద తెల్ల చుడీదారు, నేనే కుట్టింది. ఎడమ పక్క కింది అంచు నుంచి నడుము దాకా నల్లటి చుక్కలు పడి ఉన్నాయి.

"నాయనా, చైనుకు ఏం పోసినావు?"

"నూనె."

"ఏం నూనె?"

నేను సూదిలో దారం ఎక్కించసాగాను. పిల్ల ఒక చుక్కను వేలితో రుద్ది వాసన చూసుకుంది. ఆ వాసనలోనే పుట్టి పెరిగిన పిల్ల. "మిషన్ నూనె పోసినావా!" అని అరుగు మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. పల్చటి నూనె చైను మీద నిలబడదట, పరుగు మీద అంతా ఎగజిమ్ముతుందట. చైనుకు చిక్కటి నూనె కావాలట. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన చొక్కా మీద ఏ మరక కోసం నేను ఎదురుచూశానో అది నా బిడ్డ బట్ట మీద పడింది, అదీ నా చేత్తో. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

ఆయన మహానంది నుంచి వచ్చాక ఆ కథ ఊరంతా తిరిగింది. కడుపులో దాచుకునే మనిషి కాదు. పెళ్ళిలో కనబడితే నన్ను పక్కకు లాక్కుని, కొత్తవాళ్ళకు పరిచయం చేసేవాడు. "మా తమ్ముడప్పా, శానా పనిమంతుడు. మోటారుసైకిలుకు కూడా గుండీలు కుడతాడు." వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, పళ్ళు కొరుక్కుంటూ.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ మండేది పనిలో చివరి ఘట్టం.

"అమ్మీ, నువ్వు ముందు కూచో. ఏమప్పా, ఊరికే చూస్తాండావు, నువ్వు ఎనక ఎక్కు."

"నేనెందుకన్నా?"

"చైను బిగువు చూడల్ల. మనిషి కూచుంటే చైను బిగుస్తాది. ఉత్త బండికి చూసి బిగిస్తే లెక్క తప్పుతాది."

"నువ్వే కూచో. చైను నేను చూస్తా."

"నా బరువు చూసి ఏం లాభమప్పా?" అనేవాడు. అంటే మూటగా పనికొచ్చేది నేనే అని నాకు అర్థమైంది.

చొక్కాకు దారప్పోగులతో, మెడలో టేపుతో, కదలని బండి మీద కూతురి వెనక నేను. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు చూసేవాళ్ళు. "యాడికి పోతాండారు తండ్రీ కూతుర్లు?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన కింద గొంతుకూర్చుని ఒక వేలితో చైను పైకెత్తి చూసి, పానాతో నట్టు తిప్పి, మళ్ళీ వేలితో ఎత్తి చూసి, లేచి పెట్రోలు ట్యాంకు మీద రెండుసార్లు తట్టేవాడు. "రైట్!" ఆ మాట వినబడగానే నేను దూకేవాణ్ణి.

కదిలే బండి మీద మాత్రం నేను ఎన్నడూ ఎక్కలేదు. పిల్ల అడగకపోలేదు. "నాయనా, కర్నూలుకు పోతాండా. లైనింగు గుడ్డ తెచ్చుకోవల్లంటివే, రా" అనేది. "బస్సుండాది" అనేవాణ్ణి. ఎండలో నిలబడి, కిక్కిరిసిన బస్సులో వేలాడి పోయేవాణ్ణి గానీ ఆ బండి ఎక్కలేదు. అది ఆయన చేతి బండి. దాని మీద ఎక్కి సుఖంగా పోయి వస్తే ఆయన గెలిచినట్టేనని నా లెక్క.

ఇక ఆ టప్ టప్ సంగతి. అంత పనిమంతుడి పనిలో నాకు దొరికిన తప్పు అదొక్కటే. ఆదివారం పొద్దున బిగించిన చైను సోమవారం పొద్దున్నే స్పీడు బ్రేకరు దగ్గర కొట్టుకునేది. ఎక్కువేం కాదు, రవంత. మిషన్ చప్పుళ్ళలో బతికినవాణ్ణి కాబట్టి నా చెవికి తెలిసేది. వినబడిన ప్రతిసారీ నా ప్రాణానికి హాయిగా ఉండేది. కొన్నాళ్ళు ఆ రహస్యం నాలోనే దాచుకుని, వాళ్ళ మనవరాలి పుట్టినరోజున నలుగురిలో బయటపెట్టాను.

"అన్నా, అంతంత పని చేస్తావు గానీ ఆ చైను వదులే. స్పీడు బ్రేకరు కాడ కొట్టుకుంటాండాది."

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన పక్కనున్న బండి అద్దంలోకి వంగి మీసం దువ్వుకున్నాడు.

"తెలుసులేప్పా. దానికి ఎక్కాల్సిన ప్యాసింజరు ఇంకా ఎక్కలా."

మళ్ళీ అందరూ నవ్వారు. జవాబు దొరక్క కండక్టరు జోకు వేశాడనుకున్నాను. ఆ రోజు దోసెలు నాలుగు ఎక్కువే తిన్నాను.

ఆయన పోయిన రోజు కూడా తెల్ల చొక్కాతోనే ఉన్నాడు. పాత స్నేహితులతో మాట్లాడ్డానికి కర్నూలు బస్టాండుకు పోయి, ఎండన పడి ఇంటికొచ్చి, మజ్జిగ తాగి పడుకున్నాడు. లేవలేదు. ఆయనకని కత్తిరించిన చొక్కా గుడ్డ ఒకటి నా దగ్గర ఉంది, చేతులు ఇంకా అతకలేదు. అది ఇప్పటికీ నా బల్ల కిందే ఉంది.

కొడుకుల కంటే మా పిల్లే ఎక్కువ ఏడ్చింది. ఎవరు పట్టుకున్నా ఆగలేదు. నేను పోతే ఇది ఇంత ఏడుస్తుందా అని గోడ పక్కన నిలబడి ఆలోచించాను. సిగ్గులేని ఆలోచనే, కానీ వచ్చింది. మా ఆవిడకు నా మొహం చదవడం వచ్చు. దగ్గరికొచ్చి "ఈ పొద్దన్నా ఊరుకో" అనింది.

ఆ తర్వాత ఆదివారాలు చప్పగా అయిపోయాయి. పిల్ల బండి తుడవడం కూడా మానేసింది. డ్యూటీకి పోయేది, వచ్చేది, బండిని గోడకు చేరేసి లోపలికి వచ్చేసేది. చైను చప్పుడు పెరిగింది. రవంత కొట్టుకునేది కాస్తా వీధి మొదట్నుంచి మా గేటు దాకా టపటపలాడుతూ వచ్చేది. ఆ చప్పుడు వింటూ నేను కాచుకుని కూర్చున్నాను. ఇప్పుడు నా దగ్గరికే రావాలి. ఇంకెవరున్నారు? "నాయనా, బండి కొంచెం చూస్తావా" అని ఒక్క మాట అడిగితే చాలు. చిక్కటి నూనె కూడా కొని పెట్టాను, ఎవరికీ చెప్పకుండా. పిల్ల అడగలేదు.

మొన్న ఆదివారం పొద్దున వంటింట్లో మాట వినబడింది. "అమ్మా, ఒక సాసరియ్యి."

నేను మిషన్ ముందు కూర్చుని ఉన్నాను. కుట్టడానికి సూది కింద గుడ్డ కూడా లేదు, ఊరికే తొక్కుతున్నాను. పిల్ల నట్లు విప్పి ఒక్కొక్కటే సాసరులో వేసింది. ఫిల్టర్ అరుగు మీద తట్టింది. కిరసనాయిలు, బ్రష్షు. "నాయనా, గుడ్డలు" అని చేయి చాపితే ఇచ్చాను. కొన్న నూనె డబ్బా కూడా పక్కన పెట్టాను. డబ్బా తిప్పి చూసి, నా వైపు చూసి, దాన్నే వాడింది. అంతా ఆయన చేసినట్టే చేసింది, తల ఒక పక్కకు వంచడం కూడా ఆయనదే. నా ముక్కూ నా నుదురూ ఉన్న పిల్ల వచ్చి వచ్చి ఆయనలా తల వంచడం చూస్తే నాకు మళ్ళీ మండింది.

"అమ్మా, నా చోట్లో నువ్వు ముందు కూచో. నాయనా, నువ్వు ఎనక ఎక్కు."

మా ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నవ్వుతూ ఎక్కి కూర్చుంది. నేను కదల్లేదు.

"ఆయప్ప పోయినా నాకు ఈ మూట పని తప్పలేదా? లోపల బియ్యం మూట ఉండాది, తెచ్చి పెట్టుకో."

"బియ్యం మూట వద్దు. నీ బరువే కావల్ల."

"ఏముండాది నా బరువులో?"

పిల్ల పానా పట్టుకుని చైను వైపే చూస్తూ చెప్పింది. "నేనొక్కదాన్నే గదా ఈ బండి మీద తిరిగేది. నా బరువుకు చూస్తే సరిపోతాది గదా అని నేనూ పెద్దనాయనను అడిగినా. 'మీ నాయన యాదో ఒక దినం ఎనక ఎక్కుతాడమ్మీ, ఆ దినం చైను బిగుసుకోగూడదు. అంతదాకా రవంత కొట్టుకుంటే కొట్టుకోనీ, ఆయప్ప బరువుకే పెడదాం' అన్నాడు. ప్రతిసారీ అట్లనే పెట్టినాడు."

నాకు కోపమే వచ్చింది ముందు. "నేను ఎక్కుతానని ఆయనకు ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలా. నేనూ అదే అడిగినా. అద్దంలో మీసం దువ్వుకున్నాడు."

పోయి ఎక్కి కూర్చున్నాను. మా ఆవిడ వెనక్కి తిరిగి నా మొహం చూడబోతే "ముందుకు చూడు" అన్నాను. పిల్ల వేలితో చైను ఎత్తి చూసింది, నట్టు తిప్పింది, మళ్ళీ చూసింది. సాసరు వంచి చూపించింది, ఖాళీ. "అయిపోయింది, దిగండి" అనింది. మా ఆవిడ దిగింది. నేను దిగలేదు.

పిల్ల చేతులు కడుక్కుని వచ్చి నన్ను చూసింది. ముందు కూర్చుని కిక్కు కొట్టింది. మొదటి కిక్కుకే స్టార్టయింది. గేరు వేసి, క్లచ్ పట్టుకుని అట్లాగే ఆగిపోయింది.

"పోనీ పాపా" అన్నాను. పోనివ్వలేదు. దేనికోసం ఆగిందో నాకు తెలుసు. ఆ మాట నాది కాదు, నేననను అనుకున్నాను. ఆ పిల్ల మొండితనం మాత్రం నాదే, కదల్లేదు. చివరికి సీటు మీద రెండుసార్లు తట్టి, ఎవరికీ వినబడనంత మెల్లగా "రైట్" అన్నాను.

బండి కదిలింది. పోస్టాఫీసు ముందు స్పీడు బ్రేకరు వస్తుంటే చెవులు రిక్కించి కూర్చున్నాను. ముందు చక్రం ఎక్కి దిగింది, వెనక చక్రం ఎక్కి దిగింది. చైను చప్పుడు లేదు. ఇన్నేళ్ళూ ఆయన పనిలో నేను పట్టుకున్న తప్పు అదొక్కటే. అది కూడా నాకు మిగల్చకుండా పోయాడు.